రాజ్యాంగం మీద రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ రెండో పేరాలో బ్రిటన్ నుంచి పార్లమెంటు, అమెరికా నుంచి ప్రాథమిక హక్కులు, ఐర్లాండ్ నుంచి ఆదేశిక సూత్రాలు అని వరసపెట్టి, చివర్న "అరువు తెచ్చుకున్న రాజ్యాంగం" అని తేల్చేశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. అది పోటీ పరీక్షల గైడులో పట్టిక. వ్యాసం కాదు.

ఈ ఆరోపణ ఆ రోజుల్లోనే వచ్చింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ జవాబు కూడా చెప్పారు: రాజ్యాంగపు మౌలిక భావాల మీద ఎవరికీ పేటెంట్ లేదు, అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సిందీ లేదు. బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టం నుంచి తీసుకున్నవి ఎక్కువగా పాలనా వివరాలే కావడం మాత్రం ఆయనకి బాధే. అయినా ఎందుకు పెట్టారంటే, ప్రజాస్వామ్యం మన నేల మీద పైపైన చల్లినట్టుందే తప్ప లోపలికి ఇంకలేదు, అందుకని ఆ వివరాలు చట్టసభలకి వదిలేయకపోవడమే మంచిదన్నారు. 395 అధికరణల పొడవు ఎందుకైందో సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. నీ వ్యాసంలో ఇదెక్కడ?

నా పట్టు ఒక్కటే. రాజ్యాంగం గురించి రాసేవాడు ముందు వాదన చూపించాలి, ఎవరు కాదన్నారు, ఎందుకన్నారు, ఏం తేలింది. 1949 అక్టోబర్ 17న పీఠిక చర్చకొచ్చినప్పుడు సభ్యుడు హెచ్.వి. కామత్ దాన్ని దేవుడి పేరుతో మొదలుపెడదామన్నారు. మనసు లోపలి విశ్వాసాన్ని అందరి మీదా రుద్దకూడదని మరో సభ్యుడు హృదయనాథ్ కుంజ్రూ అడ్డుపడ్డారు. ఓటింగ్ పెడితే 41 మంది కామత్ వైపు, 68 మంది వ్యతిరేకం. "భారత ప్రజలమైన మేము" అన్నదే మొదటి మాటగా నిలిచింది. దేవుడి పేరు మీద ఓటు పడిన సభ తమ్ముడూ అది!

కుర్రతనంలో ఈ ఘట్టం ఓ వారపత్రికకి రాశాను. జెరాక్సుకి డబ్బుల్లేక, లైబ్రరీలో కూర్చుని చర్చల సంపుటాల్లోంచి చేత్తో ఎత్తి రాసుకున్నది. ఎడిటర్ ఆ ఓటింగంతా కోసేసి తేదీల బాక్సు వేశాడు, పాఠకులకి వాదనలు బోరట. ఇప్పటికీ కోపం పోలేదు. ఈ కాలపు ఎడిటర్లయితే "ఐదు ఆసక్తికర విషయాలు" రాయమంటున్నారు, రాయకు.

నీకు రాయడానికి ఇంకో చర్చ చెప్తా: ఎగువ సభ (ఇప్పటి రాజ్యసభ) సభ్యత్వానికి కనీస వయసు 35 ఎందుకు, 30 చాలని సవరణ పెట్టింది మన రాజమండ్రి దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్). సభ ఒప్పుకుంది. ఆ రెండో పేరా కొట్టేసి, ఆ ఒక్క సవరణ చర్చ మొత్తం చదివి, దాని మీదే రాసి పంపు.