లినక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ డాక్యుమెంటేషన్ పాతబడకుండా ఎలా చూసుకోవాలి?

కోడ్ మార్చే ప్యాచ్ సిరీస్‌లోనే (సమీక్షకు కలిపి పంపే మార్పుల వరుస) డాక్యుమెంట్ మార్పూ పంపండి. తర్వాత రాద్దామనుకుంటే అది మూలనపడ్డట్టే. ఫంక్షన్ వివరణ సోర్సులోనే, స్లాష్ తర్వాత రెండు నక్షత్రాలతో మొదలయ్యే కామెంట్‌లో ఉండాలి. ఆర్గ్యుమెంట్ పేరు మార్చి, కామెంట్‌లో పాత పేరే వదిలేస్తే డబ్ల్యూ=1 బిల్డ్ (అదనపు హెచ్చరికలు చూపే బిల్డ్) హెచ్చరిస్తుంది.

ఈథర్‌నెట్ డ్రైవర్ల పేజీలు 'డాక్యుమెంటేషన్/నెట్‌వర్కింగ్/డివైస్_డ్రైవర్స్/ఈథర్‌నెట్' కింద ఉంటాయి. కొత్త ఆర్‌ఎస్‌టీ (డాక్యుమెంట్లు రాసే సాదా టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్ పేరును అక్కడి ఇండెక్స్‌లోని టాక్‌ట్రీలో (పేజీల జాబితా) చేర్చకపోతే పేజీ తయారవుతుంది కానీ విషయసూచికలో కనిపించదు, పేజీలు తయారుచేసే టూల్ స్ఫింక్స్ గొణుగుతుంది. ఏ ఫైళ్లను ఎవరు చూసుకుంటారో చెప్పే మెయింటైనర్స్ ఫైల్‌లో, మీ డ్రైవర్ కింద ఎఫ్ లైన్‌గా (ఫైల్ దారి చెప్పే లైన్) ఆ దారి ఇవ్వండి, లేకుంటే ఆ పేజీకి వచ్చే ప్యాచ్‌లు మీ దాకా రాకపోవచ్చు.

అన్నిటికంటే ముందు పాతబడేవి మాడ్యూల్ పారామీటర్ల పట్టికలు, డ్రైవర్ వెర్షన్ నంబర్లు. వెర్షన్ అసలు రాయొద్దు. సెట్టింగులకు ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చూసే, మార్చే టూల్) కమాండ్లే చూపించండి. పంపేముందు 'మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్' నడపండి; మొత్తం కట్టడం ఆలస్యమైతే ఆ కమాండ్‌కు స్ఫింక్స్‌డిర్స్=నెట్‌వర్కింగ్ చేర్చి ఆ భాగమొక్కటే కడితే చాలు.