ఆవు ఒకటా, ఆవులన్నీనా?

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర పల్లెటూరు, ఇంట్లో ట్యూషన్ చెప్తుంటాను. ‘ఆవు పాలిస్తుంది’ అని ఇంగ్లీషులో రాయమంటే ఒకడు ‘ఎ కౌ గివ్స్ మిల్క్’ అని, ఒకడు ‘కౌస్ గివ్ మిల్క్’ అని, ఇంకొకడు ‘ద కౌ గివ్స్ మిల్క్’ అని రాశారు. నాలుగోవాడు ఉత్త ‘కౌ గివ్స్ మిల్క్’ అన్నాడు. ఎవరికి మార్కులు వెయ్యాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మొదటి ముగ్గురికీ వేసెయ్యండి. నాలుగోవాడిది తప్పే, కానీ కోప్పడొద్దు, వాడు తెలుగులో ఆలోచించాడు. మనం ‘ఆవు సాధుజంతువు’ అంటే ఆ ఒక్క మాటలోనే లోకంలో ఉన్న ఆవులన్నీ వచ్చేస్తాయి. ఇంగ్లీషులో మాత్రం లెక్కపెట్టగలిగే వాటి పేరు ఏకవచనంలో ఉంటే ముందు ‘ఎ’, ‘ద’, ‘మై’ లాంటి మాట ఏదో ఒకటి ఉండాల్సిందే, లేకపోతే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ‘ఐ లైక్ డాగ్స్’ అంటే కుక్కలంటే ఇష్టం. ‘ఐ లైక్ డాగ్’ అన్నారనుకోండి, చికెన్ ఇష్టం అన్నట్టే, కుక్క మాంసం తింటారని వినేవాళ్ళు హడలిపోతారు!

అయితే ఆ మూడు వాక్యాలూ అన్నిచోట్లా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరావు. మన ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ చేరాయి, అక్కడ వాటిని నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అంటారు. ఈ సంగతి చెప్పాలంటే ‘ద ఒంగోల్ బుల్ రీచ్డ్ బ్రెజిల్’ అనొచ్చు, బహువచనంలో ‘ఒంగోల్ బుల్స్’ అనొచ్చు, కానీ ‘యాన్ ఒంగోల్ బుల్’ అంటే ఎవరిదో ఒక గిత్త ఓడెక్కి వెళ్ళిందని అర్థం. జాతిలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా నిజమయ్యే గుణం చెప్పేటప్పుడే ‘ఎ’ వాడాలి. ‘ద’ పెట్టి ఏకవచనం రాస్తే కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది. మామూలు మాటల్లో ‘ద’ లేని బహువచనమే హాయి, పిల్లలకు మొదట అదే అలవాటు చెయ్యండి. ‘ద కౌస్’ అంటే మాత్రం మీ దొడ్లో కట్టేసిన ఆవులు అనుకుంటారు.

అన్నట్టు, ఆ వాక్యంలో పాలను ఎవరూ గమనించలేదు. మనకు పాలు, నీళ్ళు, బియ్యం అన్నీ బహువచనాలే, ‘పాలు విరిగాయి’ అంటాం. ఇంగ్లీషు వాడికి మిల్క్, వాటర్, రైస్ లెక్కకు రావు, అందుకని ‘మిల్క్ ఈజ్ వైట్’. రేపు మీ నలుగురి చేతా ‘పాలు తెల్లగా ఉంటాయి’ అని రాయించి చూడండి, కనీసం ఇద్దరు ‘మిల్క్ ఆర్ వైట్’ అని రాస్తారు.