ఈసీజీ నార్మల్ అన్నారు.. అయినా గుండెపోటు కావచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. పోయిన వారం రాత్రి భోంచేశాక గుండెల మధ్య పట్టేసినట్టుందని, దవడ లాగుతోందని చెప్పింది. ఒళ్లంతా చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. నొప్పి తగ్గాక దగ్గర్లోని క్లినిక్‌లో ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. గ్యాసేనంటారా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గ్యాస్ అనుకుని వదిలేయకండమ్మా. ఈ రోజే అమ్మగారిని గుండె డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్, చెమటలు, దవడ లాగడం, ఇప్పుడీ ఆయాసం.. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం గుండె మీదే.

ఈసీజీ తీసిన ఆ కొద్ది సెకన్లలో గుండె ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒక్కోసారి దారి పూర్తిగా మూయదు, లేదా కాసేపు మూసి మళ్లీ కొంత వదులుతుంది. అలాంటప్పుడు, అందులోనూ నొప్పి తగ్గాక తీస్తే, ఈసీజీ నార్మల్‌గా రావచ్చు. అందుకే ఆసుపత్రిలో ఈసీజీ మళ్లీ మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ పెరుగుతుంది, కొందరిలో వారం దాటినా కనిపిస్తుంది. టూడీ ఎకోలో (గుండెకు చేసే స్కానింగ్) కండరం ఎక్కడైనా సరిగా కదలకపోతే తెలుస్తుంది.

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే నరాలు మొద్దుబారి అసలు నొప్పే లేకుండా గుండెపోటు రావచ్చు. ఆయాసం, నీరసం, వాంతి వచ్చినట్టుండటం, అంతే. పైగా మన ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి కట్టేశాక గానీ నొప్పి అని నోరు విప్పరు.

దారిలో గానీ, మరోసారి గానీ అలాగే వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. అమ్మగారిని నడిపించొద్దు, బండి మీద కూర్చోబెట్టొద్దు. ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించొచ్చు. పక్కింటివాళ్లు ఇచ్చే సార్బిట్రేట్ (గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) మాత్రం బీపీ చూడకుండా వేయొద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ పచ్చి అబద్ధం.

వెళ్లేటప్పుడు పాత ఈసీజీ తీసుకెళ్లండి. కొత్తదానితో పోల్చి చూడటానికి డాక్టరుకు అది చాలా అవసరం. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, ముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.