‘పంపగలరు’ అంటే పంపాలనా?

సందేహం: నా విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. జీతం, బ్యాంకు ఖాతాలు, ఫ్లాటు, నగలకు సంబంధించిన వివరాలు, కాగితాలు ఇమ్మని నా భర్తకు తెలుగులో లేఖ రాశాను. చివర ‘పంపగలరని మనవి’ అన్నాను. మా బాబాయి చూసి, ‘బతిమాలినట్టుంది, పంపమని ఆదేశిస్తున్నాను అని రాయి’ అన్నారు. ఏది సరైనది? కాగితాలన్నిటినీ ‘దస్తావేజులు’ అనవచ్చా? ‘మన వివాహం’ అని రాయడానికి చేయి రావడం లేదు. ‘మా వివాహం’ అంటే తప్పా?

సమాధానం: మీ బాబాయిగారి అభ్యంతరం సరైనదే, సవరణే సరైనది కాదు.

‘గల’ అనేది శక్తిని, వీలును చెప్పే మాట. ‘ఆమె నాలుగు భాషలు మాట్లాడగలదు’ అంటాం. కార్యాలయాల తెలుగు దీన్ని మర్యాద కోసం అరువు తెచ్చుకుంది. ‘గమనించగలరు’, ‘సహకరించగలరు’ అనే బోర్డులు ఊరూరా కనిపిస్తాయి. బోర్డు మీద ఉన్నంత వరకు వాటితో ఎవరికీ నష్టం లేదు. కానీ వ్యాజ్యంలో ఎదుటి పక్షం మీ లేఖను మీ మేలు కోరి చదవదు. ‘పంపగలను, అయితే పంపను’ అని జవాబిస్తే వ్యాకరణం ఆయన పక్షానే నిలుస్తుంది. ఇక ‘మనవి’ తనకంటే పైవారికి చేసుకునేది. ఈ కేసులో మీకు పైనున్నది న్యాయస్థానం ఒక్కటే, భర్త కాదు.

‘ఆదేశిస్తున్నాను’ కూడా కుదరనిది అందుకే. ఆదేశించే అధికారం న్యాయమూర్తిది. కక్షిదారులు ఒకరినొకరు కోరవచ్చు, ఇవ్వకపోతే ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఆ హద్దు దాటిన మాట గట్టిగా వినిపిస్తుందేమో గానీ దానికి బలం ఉండదు.

మీకు కావలసిన ప్రయోగం మనకు ఎప్పటినుంచో ఉంది: ‘పంపవలసిందిగా కోరుతున్నాను.’ ఇందులో ‘వలసిన’ అనే మాట అది ఆయన చేయక తప్పని పని అని చెబుతోంది, ‘కోరుతున్నాను’ మర్యాద నిలుపుతోంది. బాధ్యతనూ మర్యాదనూ ఇంత పొదుపుగా కలిపే మరో వాక్యం నాకు తోచడం లేదు. దీన్ని బతిమాలడం అనుకునేవారు ‘కోరుతున్నాను’ను మాత్రమే చదివి, దాని ముందున్న మాటను వదిలేస్తున్నారన్నమాట.

కోరడం కూడా అక్కరలేని సందర్భం ఒకటుంది. భరణం కేసుల్లో (పాత ప్లీడర్ల మాటల్లో మనోవర్తి) భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనేశ్, నేహల కేసులో నిర్దేశించింది. దానికి నమూనాలు కూడా తీర్పుకు జతచేసింది. మీరు మధ్యంతర భరణం అడిగి ఉంటే ఆ అఫిడవిట్ గురించి ‘దాఖలు చేయాలి’ అని సూటిగా రాయండి. అక్కడ ‘కోరుతున్నాను’ అంటే ఉన్న హక్కును తగ్గించుకున్నట్టు అవుతుంది. అన్నట్టు, ఆ అఫిడవిట్ మీరూ వేయాలి. ఆయన ఖాతాల గురించి అడిగేటప్పుడు మీ ఖాతాల కాగితాలు సిద్ధంగా పెట్టుకోవడం మంచిది.

మిగతా కాగితాలకు, సివిల్ వ్యాజ్యాలు నడిచే పద్ధతిని చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 11వ ఆర్డరు దారి చూపుతుంది. ఎదుటివారు తమ వాదపత్రంలోనో అఫిడవిట్‌లోనో ప్రస్తావించిన పత్రాన్ని చూపమని నోటీసు ఇవ్వవచ్చు. కోర్టు అనుమతితో రాతపూర్వకంగా ప్రశ్నలు పంపవచ్చు. వాటికి ప్రమాణపూర్వకంగా 10 రోజుల్లో, లేదా కోర్టు ఇచ్చిన గడువులో జవాబు చెప్పాలి. ఏది ఎప్పుడు వేయాలో మీ న్యాయవాది చూసుకుంటారు. నాకు పనిబడేది క్రియలతో. కోర్టులో ‘దాఖలు చేస్తారు’, న్యాయమూర్తికి ‘సమర్పిస్తారు’, ఎదుటి పక్షానికి ‘అందజేస్తారు’ లేదా ‘పంపుతారు’. ‘నాకు సమర్పించండి’ అని మాత్రం రాయకండి, కానుక అడిగినట్టుంటుంది.

దస్తావేజు పారశీకం నుంచి వచ్చి మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో స్థిరపడిన మాట. అమ్మకం, తనఖా, దానం వంటి లావాదేవీ రాసిన పత్రమే దస్తావేజు, దాన్ని రాసిపెట్టేవారు దస్తావేజు లేఖరి. బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం స్లిప్పు, ఆదాయపు పన్ను రిటర్ను దస్తావేజులు కావు, పత్రాలు. పొలం ఉంటే దాని సాగు వివరాలుండే రెవెన్యూ పత్రాన్ని ఆంధ్రలో అడంగల్ అనండి, తెలంగాణలో పహాణీ అనండి. ‘అన్ని దస్తావేజులూ పంపండి’ అంటే ఫ్లాటు కాగితం ఒక్కటి పంపి చేతులు దులుపుకోవచ్చు. ‘సంబంధిత పత్రాలన్నీ’ అన్నా చిక్కే, ఏవి సంబంధితమో తేల్చే పనిని ఆయనకే అప్పగించినట్టవుతుంది. ‘2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు జీతం జమ అయిన ఖాతా స్టేట్‌మెంటు’ అంటే తప్పించుకునే సందు తక్కువ.

‘మన’, ‘మా’ల దగ్గర మీ చేయి ఆగడం నాకు అర్థమైంది. కానీ ‘మన’లో అనురాగం ఏమీ లేదు, వింటున్న వ్యక్తిని కలుపుకోవడం తప్ప. కోర్టుకు రాసేటప్పుడు ‘మా వివాహం’ అనాలి, ఆ వివాహంలో న్యాయమూర్తికి భాగం లేదు కనుక. భర్తకే రాస్తూ ‘మా వివాహం’ అంటే మీరు మరెవరినో పెళ్ళి చేసుకున్నారన్న అర్థం వస్తుంది! ‘మన’ రాయలేకపోతే ‘మీకూ నాకూ వివాహం జరిగిన తేదీ’ అనండి, వ్యాకరణానికీ మనసుకూ ఇబ్బంది ఉండదు.

సర్వనామం అసలు ప్రమాదం ఆస్తి దగ్గర ఉంది. ‘మీ ఫ్లాటు కాగితాలు’ అని రాస్తే ఆ ఫ్లాటు ఆయనదేనని మీరే ఒప్పుకున్నారని రేపు వాదించవచ్చు. ‘మీ పేర ఉన్న ఫ్లాటు’ అనండి. అది కాగితం మీద ఎవరి పేరుందో మాత్రమే చెబుతుంది, ఎవరి సొమ్ముతో కొన్నారో చెప్పదు.

‘మా నాన్నగారు ఇచ్చిన నగల రసీదులు పంపండి’ అని మీ లేఖలో ఒక వాక్యం ఉంది. నాన్నగారు ఇచ్చింది నగలా, రసీదులా? రెండు అర్థాలూ వస్తాయి. మన విశేషణ వాక్యాలు దగ్గరి నామానికీ దూరపు నామానికీ సమానంగా అతుక్కుంటాయి. ఇలాంటి చోట వాక్యాన్ని విడగొట్టడమే మందు: ‘పెళ్ళిలో నాకు నగలు పెట్టింది మా నాన్నగారు. వాటి రసీదులు మీ దగ్గర ఉన్నాయి. వాటి నకళ్ళు పంపవలసిందిగా కోరుతున్నాను.’

భర్తను ‘మీరు’ అనే రాశారు, అలాగే ఉంచండి. ఇదే లేఖ భర్త భార్యకు రాసినా ‘మీరు’ అనే రాయాలి, ఇంట్లో ‘నువ్వు’ అన్న అలవాటు ఇక్కడికి తేకూడదు. కోర్టు కాగితాల్లో ‘భర్త సంపాదిస్తున్నారు, భార్య సంపాదిస్తున్నది’ అని ఒకరికి గౌరవం ఇచ్చి మరొకరికి తీసేయడం నేను చూస్తూనే ఉంటాను. ఇద్దరికీ ‘సంపాదిస్తున్నారు’ అని రాస్తే పోయేదేముంది?

గడువు విషయంలో ‘10వ తేదీలోగా’ అన్నారు. పదో తేదీ అందులో కలుస్తుందా, కలవదా అని వాదించేవారు ఉంటారు. ‘10వ తేదీ సాయంత్రం 5 గంటల లోపల నాకు అందేలా’ అని మార్చండి. పంపడం వేరు, అందడం వేరు కదా.