యొర్దాను గురించి రాసిన చెల్లికి

ప్రియమైన చెల్లికి,

ప్రభువు నామమున వందనములు.

నువ్వు పంపిన నాలుగు యాత్రా వ్యాసాలనూ రెండేసి సార్లు చదివాను. మొదటిసారి తోటి విశ్వాసిగా చదివి సంతోషించాను. రెండోసారి రచయితగా చదివినప్పుడు మాత్రం యొర్దాను నది వ్యాసం దగ్గర ఆగిపోయాను. ఆ నీళ్లను చూడగానే హృదయం ఉప్పొంగిందనీ, కన్నీరు కాలువలు కట్టిందనీ రాశావు. కానీ ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు నీ నోట వచ్చిన మొదటి మాట అది కాదు. "అన్నయ్యా, ఇంతేనా? మన ఊరి పంటకాలువంత కూడా లేదు" అన్నావు. ఆ మాట వ్యాసంలో ఎక్కడా లేదు. విశ్వాసంతో వెళ్లినవాళ్లు అలా అనకూడదనుకుని తీసేసి ఉంటావు.

రాజమండ్రి దగ్గర గోదావరిని చూస్తూ పెరిగిన కళ్లకు, యేసు బాప్తిస్మం పొందిన చోటుగా చెప్పే కస్ర్ అల్ యహూద్ దగ్గర మట్టిరంగులో, కొద్ది మీటర్ల వెడల్పున పారే యొర్దాను చిన్నదిగా కనిపించక మానదు. ఎగువన చుట్టుపక్కల దేశాలు నీళ్లు తోడుకోవడంతో అది ఇంకా సన్నబడిపోయింది. అయినా ఆ నది విషయంలో పెదవి విరిచిన మొదటి మనిషివి నువ్వు కాదు కదా! బైబిల్లో సిరియా సైన్యాధిపతి నయమాను, కుష్ఠు పోవాలంటే యొర్దానులో ఏడుసార్లు మునగమని ప్రవక్త కబురు చేస్తే, మా దమస్కు నదులైన అబానా, ఫర్పరు దీనికంటే మంచివి కావా అని మండిపడి వెనుదిరిగాడు. దాసులు దగ్గరికి వెళ్లి నచ్చజెప్పిన తరువాతే నీళ్లలోకి దిగాడు. నీ "ఇంతేనా" దగ్గర నుంచి నయమాను దగ్గరికి ఒక్క అడుగే దూరం. కాలువలు కట్టిన ఆ కన్నీటి నుంచి మాత్రం ఎక్కడికీ దారి లేదు. నీ నిరాశను దాచిపెట్టి, వాక్యం నిన్ను కలుసుకోవడానికి వచ్చిన చోటునే మూసేశావు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. బేత్లెహేములో జనన ఆలయపు వాకిలి ఎత్తు సుమారు నాలుగు అడుగులు. ఎంతటివాడైనా వంగి లోపలికి వెళ్లవలసిందే. నేను రాసిన మొదటి యాత్రా వ్యాసంలో, ప్రభువు ముందు మనమందరం తల వంచాలి అని ఆ వాకిలి గురించి రెండు పేజీలు రాశాను. అదే మాట మా గైడు బస్సు దిగకముందే చెప్పాడు. అంతకుముందు వచ్చిన వేలమందికీ చెప్పే ఉంటాడు. ఆ గోడను కాస్త నిదానంగా చూసి ఉంటే, ఒకప్పటి పెద్ద ద్వారం ఆనవాళ్లు రాళ్లలో కనిపించేవి. గుర్రాలనూ బళ్లనూ లోపలికి తోలకుండా దాన్ని చిన్నది చేశారని అక్కడివారు చెబుతారు. అంటే దీనత్వం నేర్పడానికి కట్టిన వాకిలి కాదది; ఆ అర్థం తరువాత వచ్చినవాళ్లు ఇచ్చుకున్నది. ఇచ్చుకోవడంలో తప్పు లేదు, కానీ ఇచ్చుకున్నామని పాఠకుడికి చెప్పాలి.

అంతకంటే పెద్ద సంగతి నా కళ్లముందే జరిగింది, దాన్ని వదిలేశాను. నా ముందు మా బృందంలోని ఒక పెద్దావిడ నడుస్తోంది. నలభై ఏళ్లు వరినాట్లు వేసిన నడుము, ఎప్పుడో వంగిపోయింది. మేమంతా తలలు కాచుకుంటూ, మోకాళ్లు ముడుచుకుంటూ తంటాలు పడుతుంటే, ఆవిడ ఎలా నడుస్తోందో అలాగే లోపలికి వెళ్లిపోయింది. వెళ్లి, వెనక్కి తిరిగి, నా నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టి, "చూసుకో బాబూ, తగులుద్ది" అంది. ఆ చెయ్యి గురించి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు.

కళ్లముందు జరిగినదాన్ని జరిగినట్టు రాసే ఆ పని యెరికో వ్యాసంలో నువ్వు చక్కగా చేశావు. యెరూషలేము నుంచి బస్సు దిగుతూ ఉంటే చెవులు దిబ్బడ వేశాయనీ, దారి పక్కన సముద్రమట్టం అని రాసిన రాయిని దాటి ఇంకా కిందికి పోతూనే ఉన్నామనీ రాశావు. మంచి సమరయుడి కథలో ఆ బాటసారి "దిగి వెళ్లుచు" దొంగల చేతిలో చిక్కాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ముప్పై కిలోమీటర్లైనా లేని ఆ దారిలో సుమారు వెయ్యి మీటర్లు దిగాలని తెలిశాక, ఆ "దిగి" అనే చిన్న మాటకు ఎంత బరువొచ్చిందో! ఆ పేరా చివర నువ్వు చేర్చిన ప్రసంగాన్ని మాత్రం తీసెయ్యి.

ఇక కువైట్ వ్యాసం. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మనవాళ్ల ఆరాధన శుక్రవారమే జరుగుతుందని రాసిన భాగం బాగుంది. ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కలు ఆ కాసేపటి కోసం వారమంతా ఎదురుచూస్తారు. అందులో ఒకావిడ కొడుకు ఫీజు గురించి కన్నీళ్లతో చేసిన ప్రార్థన మనవిని నువ్వు ఉన్నదున్నట్టు రాసేశావు. ఆవిడను అడిగావా? కూడికలో చెప్పిన సాక్ష్యం ఆ చాప మీద కూర్చున్నవారి కోసం చెప్పినది. అడగకపోయి ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడుగు. వద్దంటే ఆ పేజీ చింపెయ్యి, ఎంత బాగా వచ్చినా సరే.

మాటల విషయంలో ఒక్కటే చెబుతాను. క్రైస్తవులు కానివారిని మనవాళ్లు పిలిచే "అన్యులు" అనే పదం నీ వ్యాసాల్లో తొమ్మిది చోట్ల ఉంది. నీకు వీసా కాగితాలు నింపిపెట్టిన పక్కింటి మాస్టారు కూడా ఇవి చదువుతారు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తున్నాననుకుని, ఆ తొమ్మిది చోట్లా మళ్లీ రాయి.

యొర్దాను వ్యాసాన్ని "ఇంతేనా" దగ్గర మొదలుపెట్టి నాకు పంపు. నీళ్లలోకి దిగినప్పుడు నీ కాళ్ల కింద బురద తగిలిందా, రాళ్లు తగిలాయా? ఆ రోజు ఫోన్‌లో అడగడం మరిచాను. అది కూడా రాయి.

ప్రభువునందు,
నీ అన్నయ్య