అమ్మగారితో మాట్లాడవలసింది మీరు

న్యూరెంబర్గ్ నుంచి ఒక భర్త రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఉన్నత చదువులున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి అయిన బ్లూ కార్డు మీద జర్మనీ వచ్చి రెండేళ్లయింది. శనివారం వస్తే భార్యను చుట్టుపక్కల ఏదో ఒక పాత పట్టణానికి తీసుకువెళుతున్నారు. ఆమె వెంట వస్తారు గాని దేని మీదా ఆసక్తి చూపరు. చివరికి కాఫీ కూడా ఆయనే అడిగి తెచ్చివ్వాలి. ఈ ప్రయాణాలు మానేయాలా, ఆమెకు నచ్చే ఊళ్లు వేరే ఏమైనా ఉన్నాయా అన్నది ఆయన ప్రశ్న.

ఊళ్లలో లోపం లేదు. రెగ్నిట్జ్ నది నడుమ పాత పురపాలక భవనం నిలిచిన బాంబెర్గ్, పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఉన్న రీగెన్స్‌బర్గ్ ఆమెకు మీరు చూపించారు. రోథెన్‌బర్గ్‌లో 1945 మార్చి 31న బాంబులకు కూలిన ప్రాకారాన్ని దాతల సొమ్ముతో తిరిగి కట్టి, రాళ్ల మీద వారి పేర్లు చెక్కారు. ఆ పేర్లు మీరు చదివి వినిపిస్తుంటే ఆమె ఫోన్ చూసుకుంటున్నారని నొచ్చుకున్నారు. ఇంకో ఊరి పేరు నేను చెప్పను, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మీ బాధంతా మూడు పేజీలు రాసి, అసలు విషయాన్ని చివర ఒక్క వాక్యంలో దాటేశారు. ఆమె జర్మన్ క్లాసులో చేరతానంటే, తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు సాగే ఆ క్లాసు మీ అమ్మగారు భోజనం చేసి కోడలికి ఫోన్ చేసే వేళకే పడుతోందని, కొన్నాళ్లు ఆగమన్నారు. ఆ కొన్నాళ్లు ఇప్పటికి ఏడాదిన్నర అయ్యాయి.

అత్తగారిని పలకరించడం కోడలి మర్యాద, కాదనను. కానీ రోజూ తల్లి కష్టసుఖాలు కనుక్కోవడం కొడుకు బాధ్యత. ఆ బాధ్యతను మీరు భార్యకు అప్పగించి, ఆమె ఉదయాలన్నీ దానికే ఖర్చు చేయించి, శనివారం నాడు ఆమె ఉత్సాహంగా లేదని బాధపడుతున్నారు. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి కాఫీ అడగడానికి కూడా మాట రాక మీ వెనక నిలబడవలసి వస్తే, ఆ పక్కనున్న కోట ఎంత గొప్పదైతే మాత్రం ఆమెకేమిటి? బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి అక్కడ అడుగుపెట్టిన నాటి నుంచి ఉద్యోగం చేసుకునే హక్కుంది. చట్టం ఇచ్చిన ఆ అవకాశం భాష రాక అక్కరకు రాకుండా పోతోంది. వలస వచ్చినవారి కోసం అక్కడ నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో సాధారణంగా భాషకే 600 గంటలు, ఆ దేశపు చట్టం, చరిత్ర, సమాజం గురించి మరో 100 గంటలు ఉంటాయి. మీరు ఆగమన్న కాలంలో అది పూర్తయి ఉండేది.

మీ అమ్మగారికి మీరే నచ్చజెప్పండి, కోడలి చేత చెప్పించకండి. "అమ్మా, తను చదువుకుంటోంది, ఇక నుంచి సాయంత్రం నేను చేస్తాను" అంటే సరిపోతుంది. మీకు సాయంత్రం అయిదున్నర అంటే మన దగ్గర వేసవిలో రాత్రి తొమ్మిది, చలికాలంలో పది. ఆవిడ పడుకునేలోపు ఆఫీసు నుంచి వస్తూనే మాట్లాడవచ్చు. మొదట చిన్నబుచ్చుకుంటారేమో గాని, కొడుకు గొంతు రోజూ వినిపిస్తుంటే ఏ తల్లీ ఎక్కువ కాలం అలగదు.

ఇంకొకటి. డాయిచ్‌లాండ్ టికెట్ ఎవరి పేరున తీసుకుంటే వారే వాడాలి. ఆమె పేరున ఒకటి తీసుకోండి. దానితో ప్రాంతీయ రైళ్లలో నెలంతా తిరగవచ్చు. క్లాసు లేని రోజున తనకు నచ్చిన ఊరికి ఒంటరిగా వెళతానంటే వెళ్లనివ్వండి, అరగంటకోసారి ఎక్కడున్నావని ఫోన్ చేయకండి. శనివారం ప్రయాణాలు మానవద్దు. ఊరు మాత్రం ఆమెనే ఎంచుకోమనండి. ఆమె ఏ ఊరికీ వద్దు, ఇంట్లో ఉంటానంటే అదీ మన్నించండి. వచ్చే క్లాసు ఎప్పుడు మొదలవుతుందో రేపే ఇద్దరూ కలిసి వెళ్లి కనుక్కోండి, అక్కడ మాత్రం ఆమెను మాట్లాడనివ్వండి.