ఈస్ట్ హామ్ నుంచి పనికి: బస్సా, ట్యూబా?

తమ్ముడూ, లండన్‌లో పనికి బస్సులో వెళ్లాలా, ట్యూబ్‌లో, అంటే మెట్రో రైల్లో వెళ్లాలా అన్న నీ ప్రశ్న చదివాను. గది ఈస్ట్ హామ్‌లో, పార్ట్‌టైమ్ పని ఆల్డ్‌గేట్ అవతల. మామూలు రోజుల్లో బస్సే ఎక్కు. ఇంటర్వ్యూనో పరీక్షో ఉన్న రోజు ట్యూబ్. కాస్త టైమ్ కలిసొస్తుందని రోజూ ట్యూబ్ ఎక్కేవాళ్లు నెలాఖరున అద్దె కట్టడానికి ఎంత టెన్షన్ పడతారో చూస్తూనే ఉన్నాను.

నేను 2017లో వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. అప్పట్లో బస్సు ఛార్జీ పౌండున్నర. గంటలోపు ఇంకో బస్సు మారినా ఒకటే ఛార్జీ అని విని, 115 నంబరు బస్సు ఎక్కి ఆల్డ్‌గేట్‌లో ఇంకోటి మారేవాణ్ని. మొదటి బస్సులో బ్యాంకు కార్డు ట్యాప్ చేసేవాణ్ని. దిగేసరికి చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. పర్సు తీయలేక రెండో బస్సులో ఫోను పెట్టేవాణ్ని. అందులో ఉన్నదీ ఆ కార్డే కదా అనుకున్నాను. కానీ మిషనుకి ఫోను వేరు, కార్డు వేరు. రెండుచోట్లా డబ్బులు కట్టయ్యాయి, వారాల తరబడి. స్టేట్‌మెంటు చూసినప్పుడు కడుపు మండిపోయింది. అది నాన్న అప్పు చేసి పంపిన డబ్బు. ఆ రోజే ఖర్చులు రాయడం మొదలుపెట్టాను. కోర్సు అయ్యేదాకా ఇంటికి ఫోన్ చేసి మళ్లీ ఒక్క రూపాయి అడగలేదు.

కాబట్టి కార్డో, ఫోనో, ఏదో ఒక్కటే వాడు. గంట లెక్క మొదటి ట్యాప్ నుంచి చివరి బస్సు ఎక్కేదాకానే, దిగేదాకా కాదు. మీ వయసు పిల్లలు చాలామంది ఇది తెలియక దిగే ముందు గడియారం చూసుకుని కంగారుపడతారు. ఎన్ని బస్సులు మారినా, మధ్యలో ట్యూబ్ ఎక్కినా ఆ గంట పోదు, 2018 నుంచి అలాగే ఉంది.

బస్సు ఛార్జీ 2023లో 1.75 పౌండ్లయింది. మన లెక్కలో దాదాపు రెండొందలు. బస్సుకి పీక్ రేటు, అంటే రద్దీ వేళల్లో వేసే ఎక్కువ రేటు లేదు. ట్యూబ్‌కి పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉంది. ఇండియా కార్డు మాత్రం ట్యాప్ చేయకు, చాలా బ్యాంకులు మార్కప్, అంటే విదేశీ వాడకానికి అదనపు ఛార్జీ వేస్తాయి. స్టూడెంట్ ఆయిస్టర్ (విద్యార్థుల ప్రయాణ కార్డు) ఇచ్చే 30 శాతం తగ్గింపు పాసుల మీదే, విడి ప్రయాణాలకు రాదు. మిగతా రూల్స్ లండన్ రవాణా సంస్థ టీఎఫ్‌ఎల్ సైట్లో చూసుకో.

దారిలో బస్సు ఆపేసి ఇక్కడితో ఆఖరు అంటే గొడవపడకు. దిగే ముందు డ్రైవర్ని మర్యాదగా ట్రాన్స్‌ఫర్ టికెట్ అడుగు, తర్వాతి బస్సులో అది చూపించు.